గండికోట లోపల మా అవ్వోళ్ల మట్టి మిద్దె, పడగొట్టి స్లాబ్ వేసుకోవచ్చా?

పెన్నాగట్టు: మా అమ్మోళ్లది గండికోట. కోట లోపలే ఊరు ఉంది కదా, ఆడ మా అవ్వోళ్ల మిద్దె, రాతి గోడలు, దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే దంతెలు అన్నీ పాత కొయ్యే. అవ్వ పోయినాక పైన మన్ను తోలేవాళ్లు లేరు, వానొస్తే ఇల్లంతా కారుతాంది. మా మామ ఏమో మొత్తం పడగొట్టి పిల్లర్లు లేపి స్లాబ్ వేద్దాం, పైన రెండు రూములు టూరిస్టులకిద్దాం అంటాడు. సొంత జాగానే కదా, ఎవరినైనా అడగాల్నా?

రాళ్లూరప్పలూ: అడగాల అన్నా, సొంత జాగా అయినా సరే. కోట ఏఎస్ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది. 2010లో చట్టం మార్చినప్పటి నుంచి రక్షిత కట్టడం హద్దుకు 100 మీటర్ల లోపల కొత్తగా ఏం కట్టనీయరు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా పర్మిషన్ ఉంటేనే. తప్పితే రెండేండ్ల దాకా జైలు, లేదంటే లక్ష దాకా జరిమానా, రెండూ పడినా పడొచ్చు. పాత ఇంటికి రిపేరు మటుకు పర్మిషన్‌తో చేసుకోవచ్చు, కాకపోతే 1992 జూన్ 16 కంటే ముందుదని చూపించాల్సొస్తాది, ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులు ఏమున్నా ఎతికి పెట్టుకో. మామ మేస్త్రీకి అడ్వాన్స్ ఇయ్యకముందే చెప్పు సామీ.

జమ్మలమడుగోడు: రూల్స్ చెప్పేది సులువే బ్రో, కారే ఇంట్లో పడుకునేది ఊరోళ్లు. బాత్రూమ్ కట్టుకోవాలన్నా కాగితాలు పట్టుకొని తిరగాల. టూరిస్టులేమో లోయ దగ్గర ఫొటో దిగి వెనక్కి పోతారు, పక్కనే మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, కమాను కప్పుతో అంత పెద్ద ధాన్యాగారం ఉంటే చూసేవాళ్లేరీ. ఒకప్పుడు పెమ్మసాని నాయకులు ఏలిన కోట, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచ్ వ్యాపారి గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లాను కలిసింది ఈడనే. అంత కథుండే ఊళ్లో మనుషులకు మాత్రం ఇల్లు బాగుచేసుకునే దారి కష్టం.

మిద్దెమీద: బాధ నిజమే గానీ స్లాబ్ దానికి మందు కాదు. నాకు తెల్సినంతలో ఈ మిద్దెలు పాడయ్యేది మట్టి వల్ల కాదు, పట్టించుకోక. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, మన్ను పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టి, అన్నిటికంటే పైన చౌడు పోస్తారు. చౌడులో ఉప్పు ఉంటాది, తడిస్తే మన్ను పట్టేసి నీళ్లను కిందికి దిగనీయదు, అందుకే ఏటా వానలకు ముందు చౌడు తోలేవాళ్లు. తూము వైపు వాలు కూడా సరిగ్గా ఉండాల, లేకుంటే నీళ్లు ఆడనే నిలిచి ఎంత చౌడు పోసినా దండగ. కొంతమంది మిద్దె మీద సిమెంట్ పూస్తారే, అది మటుకు చేయొద్దు, తడి లోపలే ఉండిపోయి దూలాలు కుళ్తాయి, చెద పడతాది, పైగా బరువు. ఫస్ట్ గోడలోకి దిగిన దూలం కొనలు పొడిచి చూపించు, మెత్తగా ఉంటే అదొక్కటి మార్చినా చాలు. గవాచి, అదే మిద్దె కప్పులో వదిలే కంత, ఉందా? ఉంటే మూసేయొద్దు, వెలుతురూ పొగా రెండూ దాన్నుంచే.

పెన్నాగట్టు: గవాచి ఉంది, మూకుడు బోర్లించినారు. కాగితాలు అమ్మ పెట్టెలో ఉండొచ్చు, చూస్తా. మామను ఒప్పించేదే కష్టం, రూములన్నాక ఆయన ఆగడు. చౌడు ఇప్పుడు యాడ దొరుకుతాది?

మిద్దెమీద: పంట పండని తెల్లగా పొంగిన నేల యాడున్నా దొరుకుతాది, పక్క పల్లెల్లో ముసలోళ్లను అడుగు, మడి చూపిస్తారు. కోట లోపల మాత్రం తవ్వొద్దు. మామకు ఇంకో మాట చెప్పు, స్లాబ్ రూములు ప్రొద్దుటూరులోనూ ఉండాయి, ఎండాకాలంలో చల్లగా ఉండే మట్టి మిద్దెలో పడుకోవాలనేవాళ్లు ఎక్కువ డబ్బులే ఇస్తారు. అయితే అద్దెకిచ్చేదానికి కూడా ముందే కనుక్కోండి.