లేపాక్షి: ‘లే పక్షీ’నా, ‘లేప + అక్షి’నా?

పోయిన ఆదివారం లేపాక్షి వెళ్లాం. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. నంది దగ్గర దిగి తలెత్తితే పెద్ద బండ, దాని మీద రెక్కలు విప్పిన జటాయువు విగ్రహం. కింద ఒక తాత మనవరాలికి కథ చెప్తున్నాడు. రావణుడు రెక్కలు నరికితే పక్షి ఇక్కడే పడిందట, రాముడొచ్చి ‘లే, పక్షీ’ అన్నాడట. ఆ పిల్ల బండను అరచేత్తో తడుతూ ‘లే పక్షీ, లే’ అంటూనే ఉంది, తాత చెయ్యి పట్టుకుని లాగేదాకా. అప్పటినుంచి ఆ మాట నన్ను వదల్లేదు.

వ్యాకరణంతో చూస్తే చిక్కంతా ‘పా’ దగ్గరే. పక్షిని పిలిస్తే ‘పక్షీ’ అవుతుంది. దీర్ఘం వచ్చేది చివరి అచ్చుకు, మొదటి ‘ప’కు కాదు. పాత కావ్యభాషలో అయితే ‘లే’ బదులు ‘లెమ్ము’ అనేవాళ్లు. అదే ‘లేప + అక్షి’ అనుకోండి, సవర్ణదీర్ఘ సంధి. ఒక్క అక్షరం కూడా కదపక్కర్లేదు. కామాక్షి, మీనాక్షి, విశాలాక్షి వరసలో చక్కగా ఇమిడిపోతుంది.

లేపం అంటే పూత, అక్షి అంటే కన్ను. అచ్యుతదేవరాయల కాలంలో గుడి కట్టించిన విరూపణ్ణ మీద ఖజానా సొమ్ము అడక్కుండా ఖర్చుపెట్టాడని నింద పడిందనీ, ఆయన తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడనీ అక్కడ చెప్తారు. గోడ మీద రెండు ఎర్రటి మరకలు కూడా చూపిస్తారు. నాకు మాత్రం మంటపం పైకప్పు చూశాక ఇంకోటి తోచింది. అక్కడి బొమ్మల్లో ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి, కళ్లు మాత్రం పెద్దవిగా, ముందు అవే కనపడేలా ఉంటాయి. రంగు పూసిన కన్ను, లేపాక్షి. ఇది నా ఊహే, కానీ మెడ నొప్పి పుట్టేదాకా చూశాక వచ్చిన ఊహ.

సంధి అటు లాగినా నా మనసు ‘లే పక్షీ’ వైపే ఉంది. ఆ కథ కట్టినవాళ్లు రాముడి చేత మన ఇంటి తెలుగు మాట్లాడించారు. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ, ‘జటాయువు దశరథుడి స్నేహితుడు కదరా, అంత పెద్దాయన్ని లెండి అనకుండా లే అంటాడా?’ అంది. మంచి ప్రశ్న. వాల్మీకి రామాయణంలో రాముడు ఆయనకు తండ్రికి చేసినట్టే దహనం చేసి, గోదావరిలో నీళ్లు వదుల్తాడు. అందుకే నాకు ‘లే’ సరిగ్గా ఉందనిపిస్తుంది. మంచాన పడ్డ తాతను ‘లే తాతా, రెండు ముద్దలు తిను’ అంటాం, ‘లెండి’ అనం కదా.

– – –

అన్నా, మంచి చర్చ పెట్టావు. భద్రాచలం పక్కన ఎటపాక ఉంది చూడు, అది కూడా జటాయువు పేరే అంటారు. ‘జటాయుపాక’ నలిగి నలిగి ఎటపాక అయిందట. రావణుణ్ని అడ్డుకున్నది అక్కడేనని చెప్తారు.

– – –

తమ్ముడూ, ఎటపాక గుర్తుచేశావు, సంతోషం. కానీ అక్కడ నాకో అడ్డు కనిపిస్తోంది. ‘జటాయు’ మొదట్లోని ‘జ’ ‘ఎ’ కావాలంటే, ముందు ‘య’ కావాలి. తెలుగులో ‘య’ జకారం కావడం మామూలు: యాత్ర జాతర అయింది, యముడు జముడయ్యాడు. ‘జ’ యకారం కావడం ఏటికి ఎదురీదినట్టు. ‘జట’ మన నోట్లో ‘జడ’ అయింది కాబట్టి, జడపాక అయ్యుంటే నమ్మేవాణ్ని. కేరళలో కొల్లం జిల్లా చడయమంగళం చూడు, జటాయుమంగళమే అలా అయిందంటారు. జ చకారమైంది, ట డకారమైంది, రెండూ మలయాళం నడకకు సరిపోయాయి. అక్కడా ఊరి పక్క కొండ మీద జటాయువే పడుకుని ఉన్నాడు, రెండొందల అడుగుల విగ్రహం.

అయినా కాగితం మీద పేరు వేరు, నోటి మాట వేరు. భద్రాచలం వైపువాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి: మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఆ ఊరిని ఎటపాక అంటారా, యటపాక అంటారా? ‘ట’ను నొక్కి పలుకుతారా, తేల్చి పలుకుతారా?