అప్‌డేట్: కీమో తర్వాత జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొచ్చా?

రొమ్ము క్యాన్సర్‌కి ఏసీ కీమో (డోక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులు కలిపి ఇచ్చేది) ఎక్కించాక రాత్రిపూట జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పొద్దుటిదాకా చూడొచ్చా అని అడిగాను కదా. అస్సలు ఆగకూడదు.

ఈ రెండు మందులూ ఎముక మజ్జను అణిచేస్తాయి. సాధారణంగా కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్త కణాలు) బాగా పడిపోతాయి. అప్పుడు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) వచ్చిందంటే ఎమర్జెన్సీయే. పారాసిటమాల్‌తో థర్మామీటర్‌లో అంకె తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం తగ్గదు. చీము, వాపు కూడా కనిపించకపోవచ్చు, చీము పట్టించే కణాలే కరువు మరి. చలి, వణుకు ఉంటే జ్వరం లేకపోయినా వెళ్లాల్సిందే.

ఆస్పత్రిలో మొదటి మాటగా "కీమో నడుస్తోంది, చివరి డోసు ఫలానా తేదీన" అని చెప్పండి. రక్తం కల్చర్‌కి (అందులో సూక్ష్మక్రిములు ఉన్నాయేమో చూసే పరీక్షకి) తీసి, గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, రక్త కణాల కౌంట్ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు.

న్యూట్రోఫిల్స్ పెరగడానికి ఇచ్చే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ కీమో అయిన 24 గంటల తర్వాతే. అది చేయించుకున్నా జ్వరం విషయంలో ఇదే జాగ్రత్త.