సైదాపురం మైకా గుంతల దగ్గరికి పిల్లకాయల్ని తీసకపోవచ్చా?

గూడూరు గట్టు:
సంక్రాంతి సెలవుల్లో పొద్దున్నే గూడూరులో బయల్దేరి సైదాపురం పాత మైకా (అభ్రకం) తవ్విన గుంతలు, అట్నే రాపూరు మీదుగా పెంచలకోన చూసి రాత్రికి వచ్చేయాలని ప్లాను. గుంతలోకి దిగొద్దంటన్నారు కొందరు. కాసేపు దిగి చూస్తే ఏమవుద్ది?

తెల్లరాయి:
దిగొద్దు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేదే అసలు వాన, జనవరికి గుంతల్లో నీళ్లు నిలిచుంటాయి. చూసేదానికి చెరువే, కానీ చెరువుకున్న వాలు గట్టు దీనికుండదు. గోడ నిలువుగా ఉంటుంది, జారితే పట్టు దొరకదు. అంతకన్నా మోసం ఒడ్డున పోసిన మట్టి. దాని నిండా నలిగిన షిస్టు (పొరలు పొరలుగా ఊడే రాయి), మైకా పొట్టు. నానితే రేకు మీద రేకు జారి, మనిషి బరువుకే పెళ్ల విరుగుతుంది. మైకా దొరికే పెగ్మటైటు రాయి గట్టిదే, దాన్ని పట్టుకొని ఉన్న షిస్టు పొరలే ఊడి పడతాయి. సొరంగం కనిపిస్తే తల కూడా పెట్టొద్దు, లోపల గాలి ఆడదు.

రాపూరు రోడ్డు:
దిగొద్దంటే సరే, అసలు పోవద్దన్నట్టు రాస్తే ఎట్లా అన్నా? ఇస్త్రీపెట్టెలో తీగ చుట్టిన రేకు ఏ రాయిలోంచి వచ్చిందో పిల్లకాయలు ఇంకెక్కడ చూస్తారు? జార్ఖండ్‌లోని కోడెర్మా మైకాది ఎర్ర ఛాయ, మనది ఆకుపచ్చ ఛాయ. గుంత దాకా పోనక్కర్లేదు, బాట పక్క తుక్కు కుప్ప చాలు. రేకు అంచున గోరు దూర్చి లాగితే పలచటి పొర ఊడొస్తాది. వంచి వదిలితే మళ్లీ సాపుగా నిలబడాలి, పెళుసుగా విరిగితే ఎండకీ వానకీ చెడిపోయిందని లెక్క. పక్కనే ఫెల్డ్‌స్పార్ అనే రాయి చదును ముఖాలుగా విరుగుద్ది, క్వార్ట్‌జ్ అనే తెల్లటి రాయి వంకరగా, పదునుగా పగులుద్ది. సుత్తి మాత్రం ఇంట్లోనే పెట్టండి, ఆ పెచ్చు కంట్లో పడితే అంతే. ఆ దుమ్ము ఊపిరితిత్తులకీ చేటే.

తెల్లరాయి:
తుక్కు కుప్ప కూడా ఎవరో ఒకరి లీజులోది కావచ్చు, ముందు ఊళ్లో అడగాలి. మైకా, క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్‌లను 2015లో చిన్నతరహా ఖనిజాల్లో కలిపి, 2025 ఫిబ్రవరిలో మళ్లీ ప్రధాన ఖనిజాలు చేశారు. ఏ జాబితాలో ఉన్నా పర్మిట్ లేకుండా తరలించకూడదు. డిక్కీలో రాళ్లుంటే, దారిలో ఆపి అడిగినప్పుడు ఏం చూపిస్తారు?

రాపూరు రోడ్డు:
జేబులో రేకు ముక్కకీ లారీ లోడుకీ ఒకటే కేసా! ఇది మరీ చాదస్తం.

తెల్లరాయి:
ముక్కతో మొదలై సంచి అవుతుంది, పిల్లలతో పోతే మరీను. నేను మాత్రం ఫొటోతో సరిపెట్టుకోమనే చెప్తా.

కోన దారి:
మీ తగువు మీరు తేల్చుకోండి. గట్టుగారూ, గుంతల దగ్గర గంటన్నర చాలు, అదీ పొద్దున్నే. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే రేకులు తళతళలాడి నేలలో ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుస్తాయి. గుంత ఒడ్డుకు సమాంతరంగా నేలలో సన్న పగులు కనిపిస్తే, మీకు అంచు అదే. దానికి పది అడుగుల ఇవతలే పిల్లల్ని ఆపండి. పెంచలకోన గుడి వేళలు ముందే కనుక్కోండి. జనవరిలో ఆరుకల్లా పొద్దుగూకుతుంది, కోన చుట్టూ అడవి, నాలుగింటికి బండెక్కండి.