ఈ వారం సమస్య: మంచు కురియంగ వేసవి మహము జరిగె

నిర్వాహకుడు: ఐస్‌లాండ్‌లో పాత దేవతలను కొలిచే అసాత్రు సంఘం 1972లో పుట్టింది వేసవి తొలినాడే. దాని తొలి పెద్ద స్వేన్‌బ్యోర్న్ బేంతేన్‌సన్ రైతు, రీమూర్ అనే ఐస్‌లాండ్ సంప్రదాయ కథాపద్యాలు కట్టిన కవి. వాళ్ళ పద్యానికీ వళి వంటి అక్షరమైత్రే ప్రాణం. పూరించండి.

చంపకమాలి:
ఏప్రిలందున నైసులాండెల్ల మురియ
పదియు నెనిమిది తేదీలు పరుగు లిడఁగ
థోరు పేరిటి వారమ్ము తొలుత రాఁగ
మంచు కురియంగ వేసవి మహము జరిగె

తేనెపట్టు: రెండో పాదం కచ్చితం. 18 పూర్తిగా గడవాలి, ఆ తర్వాతి తొలి గురువారమే (థోర్ దేవుడి పేరిటి వారమే) పండుగ. 2024లో 18వ తేదీయే గురువారం, కాబట్టి పండుగ 25న వచ్చింది. "ఎల్ల మురియ" మాత్రం యతి కోసం తెచ్చిన పూత. నా పూరణ (బ్లోత్ అంటే దేవతలకిచ్చే బలి విందు, తేనెకల్లు అంటే తేనెను పులియబెట్టిన మద్యం, దాన్ని కొమ్ములో పోస్తారు):

వలయముగ నిల్చి బ్లోతున వరుసతోడఁ
దేనెకల్లది నేలపైఁ దీర్థమట్లు
కొమ్ముఁ బైకెత్తి దేవతలఁ గోరి విజయ
మంచు కురియంగ వేసవి మహము జరిగె

నిర్వాహకుడు: "విజయ-మంచు"! విజయము + అంచు, ఈ విరుపుకే వీరతాడు. పాత నార్డిక్ రాజుల కథ ఇంగ్లింగ సాగాలో వేసవి ముంగిటి బలి విజయం కోసమేనని ఉంది. విరుపు ఊరికే రాలేదు, అర్థంతో వచ్చింది.

చంపకమాలి: విరుపుకు నమస్కారం. కానీ కొమ్ము ఎత్తింది మనుషులు, కురిసింది కల్లు. "ఎత్తి"కి కర్త ఎవరండీ? "కొమ్ము వంపంగ నందఱుఁ గోరి విజయ" అంటే సరిపోతుంది. పోయిన నెల పద్యంలో థోర్‌ను గుర్రమెక్కించినవారికి కర్తల లెక్క చిన్నదే అనుకోండి.

తేనెపట్టు: పోయిన నెల పద్యం ఇక్కడెందుకు? సరే, ఎనిమిది కాళ్ళ గుర్రం స్లైప్నిర్ ఓడిన్ దేవుడిది, థోర్ బండికి మేకలు. అది అప్పుడే దిద్దాను. మీ సవరణ బాగుంది, తీసుకుంటున్నాను.

గణితాష్టకం: "వంపంగ" అన్నారు కాబట్టి చెప్తున్నా. కొమ్ము మొన పైకి ఉండేలా వంచితే లోపలికి గాలి ఒక్కసారిగా దూరి కల్లు మొహాన చిందుతుంది. మొనను పక్కకు తిప్పి మెల్లగా వంచాలి. సగానికి మించి నింపొద్దు. వేడి పానీయం పోస్తే కొమ్ము మెత్తబడి వాసన పడుతుంది. ఏప్రిల్‌కు తేనెకల్లు కావాలంటే శరదృతువులోనే మొదలెట్టాలి: కిలో తేనెకు మూడు లీటర్ల నీళ్ళు. తేనెలో నత్రజని తక్కువ, అందుకే ఈస్టుకు పోషకం వేయకపోతే పులియడం నడుమ ఆగిపోతుంది. ఎండుద్రాక్ష ఒక్కటే చాలదు.

కందగర్భం:
ఉల్లిపొరలతో గ్రుడ్లకు నొప్పు రంగు
వేయ నొస్తార దేవికై వేడ్కతోడ
రాత్రి పగళ్ళు సమమైన రమ్యవేళ
మంచు కురియంగ వేసవి మహము జరిగె

చంపకమాలి: "పగళ్ళు" జగణం, ఇక్కడ చెల్లదు! "రాత్రి పవలును" అనండి.

తేనెపట్టు: అది దిద్దినా తేదీ దిద్దుకోదు. రేయింబవళ్ళు సమమయ్యేది మార్చిలో, వేసవి పండుగ ఏప్రిల్‌లో. పైగా ఒస్తార ఐస్‌లాండ్ దేవత కాదు. ఇంగ్లండు సన్యాసి బీడ్ 725లో ఇంగ్లీషువారి ఈయోస్ట్రే దేవత గురించి రెండు ముక్కలు రాశాడు, 1835లో జర్మన్ పండితుడు గ్రిమ్ దాన్నిబట్టి ఒస్తార అనే జర్మన్ పేరు ఊహించాడు. జర్మనీ, అమెరికాల్లో పాత దేవతలను కొలిచే కూటాలు గుడ్లతో జరుపుకునేది ఆ ఒస్తార పండుగే.

కందగర్భం: అయితే చివరి పాదం ముందు "నెల గడువ" రావాలి. రేపటికి మళ్ళీ కడతాను. గుడ్ల సంగతిలో ఒకటి: ఉల్లిపొరలు ముందే అరగంట మరిగించి, చెంచా వెనిగర్ కలిపి, చల్లారిన నీళ్ళలో గుడ్లు వేసి కాయాలి. మరిగే నీళ్ళలో వేస్తే పెంకు చిట్లుతుంది.

నిర్వాహకుడు: తేనెపట్టు గారి పద్యం, చంపకమాలి గారి మూడో పాదంతో, ఈ వారం పైన ఉంచుతున్నాను.