మహమ్మారి కాలంలో మూర్ఛ మందులు ఆగకుండా చూసుకోవడం ఎలా?

ప్రశ్న (మధురవాడ, విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. మా తమ్ముడు మూర్ఛకు కార్బమాజెపైన్, లెవెటిరాసెటమ్ వాడుతున్నాడు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మందుల దుకాణాలు తెరిచే ఉన్నాయి కానీ, బస్సులు లేకపోవడం వల్ల, ఓపీకి వెళ్తే కరోనా సోకుతుందన్న భయం వల్ల కొత్త చీటీ రాయించుకోవడం కుదరలేదు. ఉన్న మాత్రలు మరికొన్నాళ్లు రావాలని వాడు పూట విడిచి పూట వేసుకోగా, చాలాకాలంగా రాని ఫిట్స్ తిరిగి వచ్చాయి. అటువంటి పరిస్థితి మళ్లీ వస్తే ముందుగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం (మందుల దుకాణదారుడు, గాజువాక)
అమ్మా, ఆ నెలల్లో మా దుకాణానికి వచ్చినవారిలో మందు దొరకనివారి కంటే చేతిలో డబ్బు ఆడనివారే ఎక్కువ. కూలి ఆగిన ఇంట్లో మొదట కోత పడేది, రోజూ బాధ పెట్టని జబ్బుకు వాడే మందుకే. అలవాటైన కంపెనీది లేక అదే మందు వేరే కంపెనీది ఇస్తే, రంగు మారిందని మానేసినవారూ ఉన్నారు. చీటీలో మందు అసలు పేరు, మోతాదు స్పష్టంగా రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. క్లోబజామ్, ఫినోబార్బిటోన్ వంటి మూర్ఛ మందులు చీటీ లేకుండా మేము ఇవ్వకూడదు.

సమాధానం (న్యూరాలజీ వైద్యురాలు)
మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తెరిపి లేకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం, నిద్రలేమి ఆ ముప్పును ఇంకా పెంచుతాయి. ఫిట్ అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మరొకటి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కరోనా సోకినా ఈ మాత్రలు మానకూడదు, అయితే చికిత్స చేసే వైద్యులకు వీటి పేర్లు తప్పక చెప్పాలి. ముఖ్యంగా కార్బమాజెపైన్ వాడేవారికి నిర్మాట్రెల్‌విర్–రిటోనావిర్ అనే కరోనా మాత్రలు ఇవ్వరు, ఎందుకంటే కార్బమాజెపైన్ వల్ల కాలేయంలో ఆ కరోనా మందు త్వరగా విరిగిపోయి పనిచేయకుండా పోతుంది. ఫోన్ ద్వారా వైద్యం చేయడానికి కేంద్రం 2020 మార్చిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది కనుక, ప్రయాణం కుదరనప్పుడు ఆ దారి అడగండి. నా అభిప్రాయంలో, ఫిట్స్ అదుపులో ఉన్నవారికి రెండు మూడు నెలలకు సరిపడా మందు రాసివ్వడం వైద్యుల బాధ్యత. రోగికి ఎన్ని హితవులు చెప్పినా ఇంట్లో మాత్ర లేకపోతే ఫలితం ఉండదు.

సమాధానం (పదేళ్లకు పైగా మందులు వాడుతున్న వ్యక్తి, సీతమ్మధార)
నాకు మందుల కొరత రాలేదు, దినచర్య చెదిరింది. ఆఫీసు పని ఇంటికే రావడంతో రాత్రి ఆలస్యంగా పడుకుని, పొద్దెక్కి లేచేసరికి ఉదయపు మాత్ర దాటిపోయేది. వారానికి సరిపడా మాత్రలను గళ్ల డబ్బాలో సర్ది, వేసుకునే వేళకు అలారం పెట్టుకున్నాక అది సర్దుకుంది. వారం మందు మిగిలి ఉండగానే దుకాణానికి చెప్పేలా మీ తమ్ముడికి కూడా అలవాటు చేయించండి.