ఒకే బల్ల మీద చిత్రికా, చేతక్ ఇంజినూ: కుదిరే పనేనా?

ఆదివారం మేస్త్రి (మర్రిపాలెం)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కారు షెడ్డు ఉంది, కారు లేదు. నాన్నగారి పాత బజాజ్ చేతక్ ఉంది. ఇంజిన్ విప్పి మూడు నెలలైంది, నట్లూ వాషర్లూ పచ్చడి సీసాల్లో కూర్చున్నాయి. ఇంకోపక్క మా అమ్మాయికి పుస్తకాల అలమర చేస్తానని మాటిచ్చాను. ఇన్నాళ్లూ రెండు పనులూ నేల మీదే కానిచ్చాను, ఇక నడుం ఒప్పుకోవడం లేదు. అందుకే గోడ వారగా 6 అడుగుల బల్ల కట్టిద్దామనుకుంటున్నాను. షెడ్డు 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. రెండు బల్లలు వేస్తే పడతాయి గానీ చేతక్ బయట వానలో నిలబడాలి. చెక్క పనికీ, బండి పనికీ కలిపి ఒకటే బల్ల సరిపోతుందా? మా వీధి వడ్రంగి వద్దు బాబూ అన్నాడు. మెకానిక్ దానికేముంది సార్ అన్నాడు. మీరేమంటారు?

రిటైర్డ్ ఫిట్టర్ (గాజువాక)

నా ఓటు మెకానిక్కే. ముప్పై ఏళ్లు వైస్ (పని ముక్కని రెండు దవడల మధ్య బిగించి పట్టే ఇనుప పరికరం) ముందు నిలబడ్డవాణ్ణి, చెప్తున్నా విను బాబూ. 40×40×5 ఎంఎం యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప బద్ద) తీసుకో. నాలుగు కాళ్లు, పైన ఒక చట్రం, నేలకి అరడుగు ఎత్తున ఇంకో చట్రం, పైచట్రం మధ్యలో ఒక అడ్డ ముక్క. 6×2 అడుగుల బల్లకి 14 మీటర్ల లోపే పడుతుంది. మీటరు 3 కేజీలు తూగుతుంది, అంటే సుమారు 42 కేజీల ఇనుము. యాంగిళ్లు రోల్ చేసే మిల్లు మన వైజాగ్ స్టీల్ ప్లాంటులోనే ఉంది, ఈ ఊళ్లో ఉంటూ కర్ర కాళ్ల కోసం వెతుక్కోవడం ఏటి? పైన మందంగా చెక్క వెయ్. ఇంజిన్ పెట్టినా, సుత్తితో బాదినా చలించదు. అలమరా చేస్కో, స్కూటరూ చేస్కో.

చేవ (అనకాపల్లి)

ఫిట్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, మీరు చెప్పింది బల్ల ఎలా కట్టాలన్న సంగతి. ఆయన అడిగింది కలపొచ్చా లేదా అని. కలపకూడదు. మాది వడ్రంగం ఇల్లు, నాన్న చేతి కింద నేర్చుకున్నాను.

ఒకసారి ఏం జరిగిందో చెప్తాను. టేకు తలుపు ఒకటి చిత్రిక పట్టి, ఇసుక కాగితం కొట్టి, మర్నాడు పాలిష్ చేద్దామని బల్ల మీద పడుకోబెట్టాను. ఆ సాయంత్రం మా బావమరిది అదే బల్ల చివర గ్రైండర్‌తో సైలెన్సర్ బ్రాకెట్ కోశాడు. ఇనుప రజను తలుపు మీద పడింది. పడితే పడింది, పొద్దున్న ఊడ్చేద్దాం అనుకున్నాం. ఆ రాత్రి చినుకులు, గాలిలో చెమ్మ. పొద్దున్న చూస్తే తలుపంతా ఆవగింజంత నల్ల మచ్చలు, సిరా చిలికినట్టు. చెక్కలో వగరు ఉంటుంది కదా, టానిన్ అంటారు. దానికి తడీ ఇనుమూ తగిలితే నల్లబడుతుంది. ఇసుక కాగితంతో పోలేదు, మచ్చ లోపలికి దిగిపోయింది. చివరికి ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి రాసి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ మొదటి నుంచి ఇసుక కాగితం. రెండు రోజుల పని అదనం. కూలీ ఎవరిస్తారు?

ఇది ఇనుము కథ మాత్రమే. నూనె కథ వేరే. చైన్‌కి కొట్టే సిలికాన్ స్ప్రే చెక్క మీద పడిందంటే అక్కడ మెలమైన్ పాలిష్ గానీ పీయూ (పాలీయురెథేన్) పాలిష్ గానీ పరుచుకోదు, చేప కళ్లలా గుండ్రంగా విడిపోతుంది. జిడ్డు తాగిన చెక్కని ఫెవికాల్ కూడా సరిగ్గా పట్టదు. అందుకే మీ వీధి వడ్రంగి వద్దన్నాడు.

బీచ్ రోడ్ బుల్లెట్ (ఎంవీపీ కాలనీ)

అన్నా, అంత భయపెట్టకండి. నేను ఆరేళ్లుగా ఒకే బల్ల మీద బుల్లెట్ కార్బ్యురేటరూ విప్పాను, మా ఆవిడకి కత్తిపీట చెక్కా మార్చాను. జిడ్డు పని ఉన్నప్పుడు ఫంక్షన్లలో పలావు పెట్టే వెడల్పు స్టీలు ట్రే ఒకటి వేస్తాను. అంచు ఉంటుంది కాబట్టి నూనె కారదు, చిన్న స్ప్రింగులు దొర్లిపోవు. చేతక్ క్లచ్ మూత విప్పితే గేర్ ఆయిల్ కారుతుంది, దానికి ఈ ట్రే చాలు. కింద 3 ఎంఎం హార్డ్‌బోర్డు నాలుగు స్క్రూలతో బిగిస్తే ఇంకా మంచిది. జిడ్డు తాగాక విప్పి పారేసి కొత్తది వేసుకోవచ్చు.

నా బాధల్లా ఆ యాంగిల్ చట్రంతోనే. మాకు సముద్రం దగ్గర. రెండో ఏడు తిరక్కుండానే వెల్డింగ్ అతుకుల దగ్గర ఎర్రగా పెచ్చులు లేచాయి. ఫిట్టర్ గారు గాజువాకలో ఉన్నారు కాబట్టి ఉప్పుగాలి సంగతి మర్చిపోయినట్టున్నారు.

రిటైర్డ్ ఫిట్టర్ (గాజువాక)

బుల్లెట్ బాబూ, ఉప్పుగాలి సంగతి నాకా చెప్తున్నావ్? వెల్డింగ్ మీద పెంకులా ఉండే స్లాగ్ కొట్టకుండా రంగేస్తే పెచ్చులు లేవక ఏం చేస్తాయి? చిప్పింగ్ హ్యామర్‌తో కొట్టి, వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, ఆ రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు వేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఆ రాత్రే పల్చటి తుప్పు పడుతుంది. పైన ఎనామిల్. స్క్వేర్ పైప్ వాడేవాళ్లు పైపు నోళ్లు వెల్డింగ్‌తో మూసెయ్యండి, లేకపోతే లోపల్నించి తినేస్తుంది, పైకి కనపడదు. కాళ్ల కింద రబ్బరు ముక్కలు. షెడ్డు కడిగిన నీళ్లు నిలిచేది అక్కడే.

ఇనుప రజను మాట నిజమే, చేవ తమ్ముడు చెప్పినది కాదనను. కానీ గ్రైండింగ్ ఎవడైనా బల్ల మీద చేస్తాడా? వాకిట్లోకి పోవాలి.

పూర్తి కర్ర (సింహాచలం)

ఇనుప చట్రం తప్ప ఎవరూ పూర్తి కర్ర బల్ల మాటే ఎత్తడం లేదే! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో వేపచెట్టు మా ప్రహరీ మీదే పడింది. కరెంటు లేదు, నీళ్లు లేవు. అందరూ కొమ్మలు నరికి దారి చేసుకుంటుంటే నేను మొద్దుకి కాపలా కూర్చున్నాను. నాకు పిచ్చి పట్టిందన్నారు. సామిల్లులో 3 అంగుళాల మందం పలకలు కోయించి, మధ్యలో బద్దలు పెట్టి, మేడ మెట్ల కింద నీడలో పేర్చాను. అంగుళానికి ఏడాది చొప్పున ఆరాలని పెద్దలంటారు, నేను మూడేళ్లు ఆగాను. అయినా ఒకటి మెలి తిరిగింది. మిగతా రెండిటితో బల్ల. చట్రానికీ ఆ చెట్టు కర్రే, ఒక్క మేకు లేదు. దాని మీద చిత్రిక పడితే శబ్దమే వేరు, ఇనుప బల్లలా డబడబలాడదు.

బండి పని దాని మీద చేస్తావా అంటే, చెయ్యను. ప్రాణం ఒప్పుకోదు.

ఆదివారం మేస్త్రి (మర్రిపాలెం)

సార్, మళ్లీ తుఫాను కోసం ఎదురుచూడమంటారా 😀 నాకు అలమర ఈ దసరాకి కావాలి. అందుకే ఫిట్టర్ గారి చట్రం, పైన ప్లైవుడ్ అనుకుంటున్నాను. ఇంతకీ ఎత్తు ఎంత పెట్టాలి? వెల్డింగ్ షాపులో 3 అడుగులు మామూలు అంటున్నారు.

కొత్త రంపం (మధురవాడ)

ఎత్తు మాట వచ్చింది కాబట్టి నేనూ మాట్లాడతాను. ఆ మామూలు ఎవరి మామూలండీ? నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మొదట 3 అడుగుల బల్ల చేయించుకున్నాను. చిత్రిక పడుతుంటే భుజాలు చెవుల దాకా లేచేవి. చిత్రిక పట్టడానికి బరువు పైనుంచి పడాలి, చేతులతో మాత్రమే తోస్తే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. నిటారుగా నిలబడి చేతులు వదిలేసి చూడండి, మణికట్టు మడత ఎక్కడుందో ఆ ఎత్తు చిత్రికకి బాగుంటుంది. నాకది 30 అంగుళాలు వచ్చింది. కాళ్లు కోయించుకున్నాక ప్రాణం లేచొచ్చింది.

అసలు గొడవ ఇక్కడే అని నా అనుమానం. బండి పనికి ఇంకా ఎత్తు కావాలి, కార్బ్యురేటర్ జెట్ చూడాలంటే కళ్లకి దగ్గరగా ఉండాలి. చెక్కకి సరిపోయే ఎత్తు ఇంజిన్‌కి సరిపోదు. ఒకే బల్ల అంటే రెండిటికీ అరకొర.

రిటైర్డ్ ఫిట్టర్ (గాజువాక)

అమ్మా, చాలా మంచి పాయింటు పట్టావు, కానీ దానికి విరుగుడు ఉంది. ట్రైనింగులో చేరిన మొదటి రోజు మాకు నేర్పిందే అది. వైస్ పక్కన నిలబడి, పిడికిలి బిగించి గడ్డం కింద పెట్టుకో. మోచెయ్యి వైస్ దవడల పైఅంచుకి తగలాలి. ఆకురాయి (ఫైలు) పనికి అదే కొలత. బాబు ఎత్తు 5 అడుగుల 8 అని అనుకుందాం, సుమారు 41, 42 అంగుళాలు వస్తుంది. అయితే అది బల్ల ఎత్తు కాదు, దవడ ఎత్తు! 4 అంగుళాల వైస్ బల్ల మీదనుంచి ఆరేడు అంగుళాలు లేస్తుంది. బల్ల 34 పెట్టాడనుకో, దవడ దానంతటదే 41కి వస్తుంది. నీకు 30 బల్ల మీద 37 వస్తుంది, నీ మోచేతికి కాస్త కిందుగా. మరీ తక్కువైతే వైస్ కింద అంగుళం చెక్క దిమ్మ వేసుకో. చిత్రికకి బల్ల, ఆకురాయికి వైస్. రెండు ఎత్తులూ ఒకే బల్లలో ఉన్నాయి.

కొత్త రంపం (మధురవాడ)

ఇది నిజంగా తెలీదు నాకు. ఇప్పుడే వంటగట్టు దగ్గర పిడికిలి గడ్డం కింద పెట్టుకుని నిలబడితే మా అత్తగారు ఏమైందని అడిగారు.

చేవ (అనకాపల్లి)

ఎత్తు వరకు ఒప్పుకున్నాను. వైస్ ఎక్కడ బిగిస్తారో కూడా చెప్పండి. కుడిచేతి వాటం వాళ్లు చిత్రిక కుడి నుంచి ఎడమకి తోస్తారు, ఎడమ చివర అడ్డు దిమ్మ ఉంటుంది. ఇనుప వైస్ ఎడమవైపు పెడితే పలక వెళ్లి దానికే తగులుతుంది, ఉలి జారినా దాని మీదే పడుతుంది. కుడి చివరే పెట్టాలి. దవడలకి పళ్లు ఉంటాయి కాబట్టి చెక్క పట్టేటప్పుడు రెండు వైపులా చెక్క ముక్కలో, అల్యూమినియం రేకో వేయాలి.

రిటైర్డ్ ఫిట్టర్ (గాజువాక)

కుడి చివరే, అదీ సరిగ్గా కాలి మీద. మధ్యలో పెడితే సుత్తి దెబ్బకి బల్ల ఊగుతుంది. కదలని దవడ బల్ల అంచుకన్నా వెంట్రుకవాసి ముందుకుండాలి. అప్పుడే పొడుగు రాడ్డు నిలువుగా పట్టినా నేలదాకా దిగుతుంది.

లెక్కల మాస్టారు (కంచరపాలెం)

ఒక చిన్న లెక్క. ప్లైవుడ్ షీటు 8×4 అడుగులు. బల్ల 6×2 పెడితే ఒకే షీటులో రెండు పలకలు వస్తాయి, మిగిలేది 4×2 ముక్క, అది కింద అరకి సరిపోతుంది. ఒక్క అంగుళం వెడల్పు పెంచినా రెండో షీటు కొనాలి. 19 ఎంఎం పలకలు రెండూ అతికిస్తే 38 ఎంఎం, అంటే అంగుళంన్నర. కాళ్లు కోయించేటప్పుడు 34లోంచి ఆ అంగుళంన్నర తీసెయ్యడం మర్చిపోకండి, మా అల్లుడు మర్చిపోయాడు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉంటే మెరైన్ రకం, నీళ్లకి బాగా తట్టుకుంటుంది. ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకి తట్టుకునే రకం) అని ఉన్నదైనా షెడ్డులోకి పర్వాలేదు. చట్రం, పై పలకలు కలిపి సుమారు 70 కేజీలు తేలుతుంది. చిత్రిక తోపుడుకి ఆ బరువు చాలదు, జరుగుతుంది. గోడకి రెండు యాంకర్ బోల్టులు కొట్టించండి.

బీచ్ రోడ్ బుల్లెట్ (ఎంవీపీ కాలనీ)

అద్దె ఇల్లయితే బోల్టులకి ఓనరు ఒప్పుకోడు. కింది అర మీద ఇసుక బస్తాలు రెండు వేసుకోవచ్చు.

చేవ (అనకాపల్లి)

అన్నీ బాగానే ఉన్నాయి గానీ అసలు మాటకి ఎవరూ జవాబివ్వలేదు. కార్బ్యురేటర్ పెట్రోలుతో కడుగుతారు. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. అక్కడే నా చిత్రిక పొట్టు కుప్పగా ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. చెక్కకి అవిసె నూనె రాసిన గుడ్డ ఉండచుట్టి మూల పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది, రవ్వ కూడా అక్కర్లేదు. ఆ గుడ్డల్ని నేను తీగ మీద విడివిడిగా ఆరేస్తాను, లేదా నీళ్ల బకెట్లో వేస్తాను. ట్రేలూ హార్డ్‌బోర్డులూ బల్లని కాపాడతాయి, ఇంటిని కాపాడవు.

రిటైర్డ్ ఫిట్టర్ (గాజువాక)

ఇది ఒప్పుకోక తప్పదు తమ్ముడూ. బాబూ, పెట్రోలు వాడకు, కిరోసినో డీజిలో వాడు, అదీ షెడ్డు తలుపులు తీసి. చెక్క పని ఉన్న రోజు ఇంజిన్ ముట్టుకోకు. ఊడ్చాకే రెండో పని.

చేవ (అనకాపల్లి)

ఊడ్చే మనిషైతే ఒక బల్ల చాలు గురువుగారూ. నేను ఊడ్చే మనిషిని చూడలేదు, మా బావమరిదిని చూశాను.

ఆదివారం మేస్త్రి (మర్రిపాలెం)

అందరికీ ధన్యవాదాలు. ఒక బల్లకే వెళ్తున్నాను. 6×2, ఎత్తు 34, వైస్ కుడి చివర కాలి మీద, దాని కింద రెండడుగుల మేర జీఐ (జింకు పూత) రేకు. గ్రైండర్ వాకిట్లో, పాలిష్ మేడ మీద. చట్రం నిన్ననే వచ్చింది, రెడ్ ఆక్సైడ్ ఆ సాయంత్రమే వేశాను ఫిట్టర్ గారూ, పెంకు కొట్టాకే. కింది అర కూడా బిగించాను. ఇసుక బస్తాలు కొందామనుకునేలోపు మా అమ్మ అక్కడ రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీ పెట్టేసింది. బరువు సమస్య తీరినట్టే. అయితే ఇంజిన్ ఎప్పుడు ఎక్కిస్తావని నాన్నగారు అడిగితే, బియ్యం అయ్యేదాకా ఆయిల్ పని వద్దంటోంది.

చేవ (అనకాపల్లి)

అలమర ముందు చెయ్యండి మరి.