అమెరికాలో ఎమర్జెన్సీ అంట, దానికి మా గుంటలో రొయ్యకి ఏం సంబంధం?

అల్లూరు రొయ్యలోడు, 2025 నవంబరు 24

అన్నలారా, తెలిసినోళ్ళు ఎవురన్నా చెప్పండి. మాది నెల్లూరు జిల్లా, అల్లూరు పక్కన పల్లె. ఆరెకరాల్లో వనామీ రొయ్యల గుంటలు, సగం సొంతం, సగం లీజు. నా ప్రశ్న ఒకటే. అమెరికాలో కూడా మన లోక్‌సభ, రాజ్యసభ మాదిరి రెండు సభలు ఉండాయి గదా. మరి ఒక్క మనిషి సంతకం పెడితే మన సరుకు మీద 50 శాతం సుంకం ఎట్టా పడతాది? అడిగే నాథుడే లేడా?

ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వైట్‌హౌస్ తోటలో నిలబడి పెద్ద అట్ట పట్టుకోని దేశాల పేర్లు చదివినాడు. మనకి 26 శాతం సుంకం. వారానికే ఆపి, ప్రస్తుతానికి అందరికీ 10 అన్నాడు. హమ్మయ్య అని సీడ్ (రొయ్య పిల్లలు) వేసినాం. ఆగస్టు 7న 25. అదే నెల 27న, ఇండియా రష్యా నూనె కొంటా ఉందని ఇంకో 25. రొయ్యలకి యాంటీ డంపింగు (మరీ తక్కువ రేటుకి అమ్ముతా ఉండారని), కౌంటర్‌వెయిలింగు (సర్కారు సబ్సిడీ ఇస్తా ఉందని) సుంకాలు ముందు నుంచే ఉండాయి, అవి వేరే. రష్యా నూనె నేను కొనలా సామీ. కరెంటు పోయినప్పుడు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్లో డీజిల్ పోస్తా, అది ఏ దేశానిదో బంకులో ఎప్పుడూ చెప్పలా.

ఆగస్టు ఆఖర్లో పట్టుబడి. తెల్లారుజామున వల లాగి, కిలో తూచి, గట్టు మీద పట్టా పరిచి రొయ్యలు లెక్కబెట్టినాం. నలభై కౌంట్, అంటే కిలోకి నలభై రొయ్యలు, బాగా పెరిగినాయి. కొనేవాళ్ళ మనిషి లెక్క చూసి తలూపినాడు. జేబులోంచి ఫోన్ తీసి ట్రంప్ మాట్లాడే వీడియో పెట్టినాడు. రాత్రి ఒప్పుకున్న రేటులో కిలోకి నలభై రూపాయలు కోసినాడు. వాడికి ఇంగ్లీషు రాదు, నాకూ అంతంత మాత్రమే. అయినా ఇద్దరం ఆ వీడియో అయిందాకా మర్యాదగా చూసినాం. పక్కన ఐస్ కరగతా ఉంటే బేరం ఆడేదానికి టైం యాడిది?

ఒంగోలు పాత మాస్టారు

నాథుడు ఉన్నాడు నాయనా, కాకపోతే తీరిగ్గా అడుగుతున్నాడు. వాళ్ళ రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్ ప్రకారం సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌దే, అంటే వాళ్ళ పార్లమెంటుదే. అయితే విదేశాల నుంచి ముప్పు వస్తే అధ్యక్షుడు ఎమర్జెన్సీ ప్రకటించి ఆర్థిక లావాదేవీలు కట్టడి చెయ్యొచ్చని 1977లో ఆ కాంగ్రెసే ఒక చట్టం చేసింది. పరాయి ప్రభుత్వాల ఆస్తులు స్తంభింపజెయ్యడం లాంటి వాటికి వాడేవాళ్ళు. దాన్ని అడ్డం పెట్టుకుని సుంకాలు వేసిన మొదటి అధ్యక్షుడు ఈయనే.

మనకి ఎమర్జెన్సీ అంటే 1975, జైళ్ళు, సెన్సారు. అక్కడ ఒకేసారి డజన్లకొద్దీ నడుస్తుంటాయి. 1979లో ఇరాన్ గొడవప్పుడు అప్పటి అధ్యక్షుడు కార్టర్ ప్రకటించినదాన్ని ఇప్పటికీ ఏటా పొడిగిస్తున్నారు. కార్టర్ నూరేళ్ళు బతికి పోయాడు, ఎమర్జెన్సీ పోలేదు.

మే నెలలో వాణిజ్య కోర్టు ఈ సుంకాలు చెల్లవంది. ఆగస్టు 29న అప్పీలు కోర్టు 7-4తో అదే మాట అంది, అంటే నీ రొయ్య మీద 50 పడిన రెండు రోజులకే. పైకోర్టు తేల్చేదాకా వసూలు మాత్రం ఆగదు. నవంబరు 5న సుప్రీంకోర్టు వాదనలు వింది, తీర్పు రావాలి. ఎగువ సభ సెనేట్ కూడా అక్టోబరు చివర్లో వ్యతిరేకంగా ఓటేసింది కానీ దిగువ సభలో కదలిక లేదు.

అల్లూరు రొయ్యలోడు

అంటే చెల్లదు, కానీ కట్టాల. ఇది మనకి కొత్తేం గాదులే మాస్టారూ, మా పొలంగట్టు కేసు కూడా ఇట్టాగే నడస్తా ఉండాది.

కావలి కుర్రాడు, హ్యూస్టన్

అన్నా, ఇక్కడ తినే రొయ్యల్లో తొంభై శాతం పైన బయట దేశాలవే, అందులో మనవే ఎక్కువ. లూసియానా, టెక్సస్ పడవలోళ్ళకి ఈ సుంకాలు పండగ. వాళ్ళని తిట్టుకోకు. రేవులో ఒక పెద్దాయనతో మాట్లాడా. డీజిల్ ఖర్చు కూడా రావట్లేదంట, కొడుకు పడవెక్కనంటున్నాడంట, రేటు కొనేవాడు చెప్పిందేనంట. జువ్వలదిన్నె హార్బర్లో నిలబడినా ఇవే మాటలు వినొచ్చు. అసలు దెబ్బ ఈక్వడార్‌తో. వాళ్ళకి 15 శాతమే, సముద్రం దూరం కూడా తక్కువ.

నా వీసా సంగతి అడగొద్దు. సెప్టెంబరులో శుక్రవారం, ఇక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు, ఆదివారం నుంచే అమలన్నారు. పెళ్ళికని ఇంటికొచ్చిన మా రూమ్మేటు సత్యనారాయణ వ్రతం పీటల మీద నుంచి లేచి చెన్నై ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాడు. తర్వాత తీరిగ్గా చెప్పారు, కొత్త అర్జీలకేనని.

అల్లూరు రొయ్యలోడు

తమ్ముడూ, ఆ పెద్దాయన్ని నేనేమీ అనను. నాకు మండేది వేరే. నవంబరు 4న న్యూయార్క్, న్యూజెర్సీ, వర్జీనియా ఎన్నికల్లో ట్రంప్ పార్టీ ఓడింది, జనం ధరల గురించే మాట్లాడినారు. 14వ తేదీకల్లా బీఫ్, కాఫీ, అరటిపండ్లకి మినహాయింపు. 20న బ్రెజిల్ బీఫ్ మీద ప్రత్యేకంగా వేసిన 40 కూడా తీసేసినాడు. ఆ బ్రెజిల్ మందల్లో ఎక్కువ ఏ జాతి? మన ఒంగోలు జాతే గదా. ఎప్పుడో ఓడెక్కి పోయినాయి. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి అక్కడోళ్ళు నెలోర్ అంటారు. అంటే నెల్లూరు సరుకు బ్రెజిల్ మీదుగా పోతే అదనపు సుంకం లేదు, నేరుగా పోతే 50. ఎద్దుకి తెలిసిన దోవ నాకు తెలియలా.

ఇంకోటి. అక్టోబరు 1 నుంచి 43 రోజులు అక్కడ గవర్నమెంటే మూసేసినారు. విమానాల కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేసినారు. రేవులో సుంకం వసూలు మాత్రం ఒక్కరోజు ఆగలా. మా మండలాఫీసులో సర్వర్ డౌన్ అయితే కనీసం డబ్బులు కట్టించుకోరు గదా!

చీమకుర్తి రాయి

మా గెలాక్సీ గ్రానైట్ పలకలకీ ఇదే దెబ్బ. రాయి కుళ్ళదు, యార్డులో పడుంటది. అప్పుకి వడ్డీ మాత్రం పడుండదు.

కావలి కుర్రాడు, హ్యూస్టన్

ఒక మాట మర్చిపోయా. రేపు సుప్రీంకోర్టు కొట్టేసి, రిఫండ్ ఇమ్మన్నా, అది ఇక్కడ కస్టమ్స్‌లో కట్టిన దిగుమతిదారుకే వస్తుంది. గట్టు మీద కోసిన నలభైకి రసీదు ఉందా అన్నా?

అల్లూరు రొయ్యలోడు

రసీదా! వీడియో ఉండాది, వాడి ఫోన్లో.

సరే, విడవలూరు, ఇందుకూరుపేట పక్కోళ్ళు ఎవురన్నా ఉంటే చెప్పండి, వచ్చే పంటకి సీడ్ ఎంత వేస్తా ఉండారు? నేను సొంత గుంటలకే వేసి, లీజువి ఎండగడదామని అనుకుంటా ఉండా. నలభై దాకా పెంచితే అమెరికా వైపు చూడాల, వంద కౌంట్‌కే పట్టేస్తే చైనా పోతాది. మేత ఖర్చు లెక్కేసినోళ్ళు రాయండి.